తప్పులో 30 శాతం నాదన్నారు

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కుడి లేన్‌లో నేరుగా వెళ్తుంటే, షాపింగ్ సెంటర్ లోంచి కుడికి తిరిగి రోడ్డెక్కిన కారు నా కారు కుడి వెనక డోరుకి తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బాడీ షాపు ఎస్టిమేట్ 4,800 డాలర్లు. పదకొండో రోజు అవతలి ఇన్సూరెన్స్ కంపెనీ అడ్జస్టర్ (క్లెయిమ్ పరిశీలించే ఉద్యోగి) ఫోన్ చేసి, తప్పు 70 శాతం వాళ్ల డ్రైవరుది, 30 శాతం నాది అని చెప్పాడు. కారణం అడిగితే "తప్పించుకునే అవకాశం మీకూ ఉంది" అన్నాడు.

టెక్సాస్‌లో తప్పుని ఇలా శాతాల్లోనే పంచుతారు. మన వాటా 50 దాటితే అవతలివాళ్ల నుంచి ఏమీ రాదు. దాటకపోతే ఆ శాతం మేరకు కోసుకుని మిగతాది ఇస్తారు. ఆ శాతం కోర్టు తీర్పు కాదు, ఒక అడ్జస్టర్ ఫైల్లో రాసుకున్న అభిప్రాయం. ఆధారం చూపిస్తే మారుతుంది. మనవాళ్లు చాలామంది ఇది తెలియక మొదటి ఫోన్‌కే సరే అనేస్తున్నారు, అదే నాకు బాధ.

ముందు లెక్క చూసుకోవాలి. 4,800లో 30 శాతం అంటే 1,440. అవతలి కంపెనీ నుంచి చేతికొచ్చేది 3,360. అదే నా సొంత పాలసీలో కొలిజన్ కవరేజి (తప్పు ఎవరిదైనా మన కారు రిపేరుకి మన కంపెనీయే ఇచ్చేది) వాడుకుంటే, డిడక్టిబుల్, అంటే ముందు మనం భరించాల్సిన 1,000 పోను 3,800 వస్తుంది. రిపేరు జరిగే రోజుల్లో తీసుకునే అద్దె కారు బిల్లులోనూ అదే 30 శాతం కోత పడుతుంది. పైగా ఆ 30 నిలబడితే, అవతలి కారు రిపేరులో 30 శాతం నా లయబిలిటీ (అవతలివాళ్ల నష్టానికి కట్టే కవరేజి) కింద అడగడానికి వాళ్లకి దారి దొరుకుతుంది. అందుకే తప్పు మనది కాదని ఎంత నమ్మకం ఉన్నా, ప్రమాదం జరిగిన రోజే మన కంపెనీకి కూడా చెప్పి క్లెయిమ్ నంబరు తీసుకుని ఉంచుకోవాలి.

30 ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత అర్థమైంది. రికార్డు చేసిన వాంగ్మూలంలో "ఆ కారు కదలడం ఎప్పుడు చూశారు?" అని అడిగితే "రెండు సెకన్ల ముందు అనుకుంటా" అన్నాను. అది అంచనా మాత్రమే. కానీ గంటకి 40 మైళ్ల వేగంలో రెండు సెకన్లంటే దాదాపు 117 అడుగులు. అంత దూరంలో చూసి బ్రేకు ఎందుకు వేయలేదన్నదే వాళ్ల వాదన. అవతలి కంపెనీకి రికార్డు చేసిన వాంగ్మూలం ఇవ్వాలన్న నిబంధన మనకి లేదు. మన కంపెనీకి మాత్రం పాలసీ ప్రకారం సహకరించాలి. ఇచ్చేటప్పుడు సెకన్లు, అడుగులు ఊహించి చెప్పొద్దు. తెలియకపోతే తెలియదనే అనాలి.

"30 శాతానికి ఆధారం ఏమిటో ఈమెయిల్లో రాసి పంపండి" అని అడిగాను. రాతలో కారణం ఉంటే దానికి సూటిగా జవాబు చెప్పొచ్చు.

జవాబు నా కారు డోరు మీదే ఉంది. సొట్ట వెనక డోరు ముందు అంచు దగ్గర మొదలైంది, అక్కడే అన్నిటికన్నా లోతుగా ఉంది. అక్కణ్ణుంచి గీతలు అడ్డంగా సాగి, వెనక చక్రం పైనున్న క్వార్టర్ ప్యానెల్ మీద పలచబడి ఆగిపోయాయి. ముందు బంపరు మీదా, ఫెండరు (ముందు చక్రం పైనున్న రేకు) మీదా, ముందు డోరు మీదా గీత కూడా లేదు. అవతలి కారు అప్పటికే రోడ్డు మీదికి వచ్చి నిలబడి ఉంటే ముందుగా తగలాల్సింది నా బంపరో ఫెండరో. సగం కారు దాటాక తగిలిందంటే, నేను పక్కనుంచి పోతుండగా అది లోపలికి వచ్చింది. అప్పుడు బ్రేకు వేసినా తప్పేది కాదు. గీతలు కనబడాలంటే ఫొటో ఎదురుగా కాకుండా, డోరుకి ఏటవాలుగా నిలబడి వెలుతురు పక్కనుంచి పడేలా తీయాలి. నేల నుంచి ఎత్తు తెలియడానికి పక్కన టేపు పెట్టి ఇంకోటి తీశాను.

ఆ అడ్జస్టర్‌కి ఒక పేజీ ఉత్తరం రాశాను. టెక్సాస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ సెక్షన్ 545.155 ప్రకారం ప్రైవేటు డ్రైవ్‌వే నుంచి రోడ్డెక్కేవాళ్లు రోడ్డు మీద వస్తున్న వాహనానికి దారివ్వాలి. ఆ సెక్షనూ, నాలుగు ఫొటోలూ, పోలీసు క్రాష్ రిపోర్టూ జతచేసి, సూపర్‌వైజరుతో మళ్లీ చూపించమని అడిగాను. ఈ రిపోర్టు పేరు సీఆర్-3. టెక్సాస్ రవాణా శాఖ సైట్లో 6 డాలర్లకి దొరుకుతుంది. అందులో ఆఫీసరు రాసిన ప్రమాద కారణం బీమా కంపెనీని కట్టిపడేయదు గానీ బరువుంటుంది. షాపింగ్ సెంటర్ కెమెరా ఫుటేజీ మాత్రం అదే రోజు అడగాలి, కొన్నాళ్లకి దాని మీదే కొత్తది రికార్డయిపోతుంది.

30 కాస్తా 10కి దిగింది. నేను ఒప్పుకోలేదు. సొంత కొలిజన్ కింద రిపేరు చేయించి, అదే కాగితాల కట్ట మా కంపెనీకి ఇచ్చాను. డబ్బు అవతలి కంపెనీ నుంచి రాబట్టుకునే పని వాళ్లది. దాన్నే సబ్రొగేషన్ అంటారు. తేలకపోతే రెండు కంపెనీలూ ఆర్బిట్రేషన్‌కి, అంటే మధ్యవర్తి తీర్పుకి వెళ్తాయి. అయిదు నెలలకి నా 1,000 డాలర్లు మొత్తంగా తిరిగొచ్చాయి.

కొలిజన్ కవరేజి లేనివాళ్లకి దారి వేరు. టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కి ఫిర్యాదు చేస్తే కంపెనీ జవాబివ్వాల్సి వస్తుంది, కానీ తప్పు ఎవరిదో ఆ శాఖ తేల్చదు. తేల్చేది కోర్టే. 20,000 డాలర్ల దాకా జస్టిస్ కోర్టులో లాయరు లేకుండా వేసుకోవచ్చు. దావా కంపెనీ మీద కాదు, ఆ డ్రైవరు మీద వేయాలి, అదీ ప్రమాదం జరిగిన రెండేళ్ల లోపు. ఈలోగా చెక్కుతో పాటు రిలీజ్ కాగితం (ఇక ఏమీ అడగనని రాసిచ్చేది) పంపితే చదవకుండా సంతకం పెట్టొద్దు. కారు నష్టానికి మాత్రమేనా, ఒంటి దెబ్బలు కూడా కలిపారా అన్నది అందులోనే ఉంటుంది.

డబ్బు వచ్చాక కూడా ఒక పని మిగులుతుంది. ఈ క్లెయిమ్ లెక్సిస్‌నెక్సిస్ అనే డేటా కంపెనీ వారి క్లూ రిపోర్టులో (మన క్లెయిముల చరిత్ర) ఏడేళ్ల దాకా ఉండొచ్చు, కొత్త కంపెనీలు ప్రీమియం ఎంతో లెక్కగట్టేది అది చూసే. ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. తప్పు మనది కాదని తేలిందని మన కంపెనీ చేత ఒక ఈమెయిల్ రాయించుకుని, ఆ రిపోర్టులో పడిందేమిటో దానితో సరిపోల్చుకోవాలి.