రాబిన్సన్ తోరణం కింద మత్తయి 24వ అధ్యాయం

యెరూషలేములో పశ్చిమ గోడ దగ్గర ప్రార్థన ముగియగానే చాలా బృందాలు వెనుదిరుగుతాయి. పెంట ద్వారం పక్కనున్న పురావస్తు ఉద్యానానికి విడిగా టికెట్టు కొనాలి కాబట్టి, గుంటూరు నుంచి వెళ్లిన మా బృందంలో సగం మంది బస్సు దగ్గరే ఆగిపోయారు. అసలు చూడవలసినది అక్కడే ఉందని నా అభిప్రాయం.

అదే గోడ వెంట దక్షిణంగా నడిస్తే, 1838లో అమెరికా పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్ గుర్తించిన తోరణపు మొదలు గోడలోంచి పొడుచుకొని కనిపిస్తుంది. దాని కింద హేరోదుల కాలపు రాతి వీధి, ఆ వీధి మీద గుట్టగా పడివున్న టన్నుల బరువు రాళ్లు. క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు సైన్యం యూదుల ఆలయాన్ని తగలబెట్టినప్పుడు పైనుంచి కూలదోసినవి ఇవేనని ఇక్కడ తవ్విన పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చారు. చాలా వాటిని తొలగించి, కొన్నిటిని పడినచోటే వదిలేశారు. వాటి దెబ్బకు వీధి పలకలు కుంగి పగిలాయి. ఒక రాయి అంచును తడిమితే చుట్టూ సన్నగా చెక్కిన చట్రం ఇప్పటికీ వేళ్లకు తగులుతుంది.

మత్తయి 24లో ఈ ఆలయం గురించి "రాతిమీద రాయి యొకటియైనను" నిలవదని చెప్పిన ప్రభువు, అదే అధ్యాయం 34వ వచనంలో ఇవన్నీ జరిగేవరకు "ఈ తరము గతింపదు" అన్నాడు. ఆ మాట సుమారు క్రీ.శ. 30లో పలికినదైతే, నలభై ఏళ్లలో, అంటే ఒక తరంలోనే, నెరవేరింది. మరి పశ్చిమ గోడ ఇంకా నిలిచే ఉంది కదా అని కొందరు అడుగుతారు. అది ఆలయపు గోడ కాదు, ఆలయం నిలిచిన వేదికకు పునాదిగా హేరోదు కట్టించిన ప్రాకారం. ఆలయంలో మాత్రం రాయి మీద రాయి మిగలలేదు.

మన సంఘాలలో ఈ అధ్యాయాన్ని లోకాంతానికి ముందు రాబోయే శ్రమల కాలానికి, సంఘం ప్రభువు దగ్గరికి ఎత్తబడటానికి ముడిపెట్టి చెప్పడమే అలవాటు. యుద్ధవార్త వచ్చిన ప్రతిసారీ కడవరి దినాల పటం గోడకెక్కుతుంది. నెరవేరినదని చదివే పద్ధతి కూడా పాతదే. బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథంలోని అధిక భాగాన్ని తొలి శతాబ్దాల సంగతులుగా వివరించిన స్పెయిన్ జెస్యూట్ గురువు లూయీస్ దె అల్కాసర్ గ్రంథం 1614లోనే అచ్చయింది. అయితే దీన్ని చివరిదాకా లాగి, పునరుత్థానం కూడా 70లోనే జరిగిపోయిందనే వారితో నేను ఏకీభవించను. పునరుత్థానం గతించెనని చెప్పిన హుమెనైయును, ఫిలేతును పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలో పేరు పెట్టి ఖండించాడు.

ఈ ప్రవచనాలు 70లోనే నెరవేరాయనే మాటే బస్సెక్కాక పాస్టరుగారితో అన్నాను. "లూకా 21లో దండ్లు పట్టణాన్ని చుట్టుకోవడం 70లో జరిగిందని నేనూ ఒప్పుకుంటానండీ, కానీ ప్రకటన గ్రంథం ఆ తర్వాత మొదటి శతాబ్దం చివర్లో, దొమితియను చక్రవర్తి కాలంలో రాసింది కదా, అది 70ని ముందుగా ఎలా చెబుతుంది?" అన్నారాయన. రెండవ శతాబ్దపు సంఘ పితరుడు ఇరేనియసు సాక్ష్యం ఆయన పక్షానే ఉంది. 70కి ముందే, నీరో చక్రవర్తి కాలంలోనే రాశారనే వాదాన్ని నేను వినిపించాను కానీ, ప్రకటన విషయంలో ఆయన ప్రశ్నకు బలం ఉందని ఒప్పుకోక తప్పలేదు. మత్తయి 24 గురించి మాత్రం నా మాట మార్చుకోలేదు.