కమాను పట్టీలు విప్పిన ఆదివారం

నాయన నడిపిన టాటా 407 చిన్న లారీ ఏళ్ల తరబడి మా పెరట్లోనే నిలిచి ఉంది. దానికి ముందు రంగు వేయించమని చూసినవారందరూ సలహా ఇస్తున్నారు. నా లెక్కలో రంగు చివరి పని. వేరుశనగ బస్తాలు మోసి మోసి వెనుక కుడివైపు కుంగిపోయిన బండికి పైన ఎంత నిగనిగ ఉంటే ఏం లాభం? అందుకే ఈ రోజంతా ఆ వైపు కమానుకే, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగుకే కేటాయించాను.

ఉన్న సామానల్లా ఒక బాటిల్ జాకీ, రింగు పానాలు, సుత్తి, రెండు సీ క్లాంపులు, బోరు వేసినప్పుడు మిగిలిన ఇనుప పైపు ముక్క. జాకీని ఇరుసుకు కాక ఛాసిస్‌కు ఆనించి లేపి, కింద పాత రైలు స్లీపరు చెక్కలు పేర్చాను. మా అనంతపురంలో బండలకు కొదువ లేకపోయినా, బరువు ఒకచోటే పడితే చిట్లుతాయి కనుక వాటిని నేను నమ్మను.

కమానును ఇరుసుకు బిగించి పట్టే యూ బోల్టుల నట్లకు రాత్రే కిరసనాయిలు, ఇంజన్ ఆయిలు కలిపి పట్టించి ఉంచినందువల్ల, పానాకు పైపు తొడిగి ఒళ్లంతా వేసి నొక్కేసరికి కిర్రుమని కదిలాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. పైరుకు అది కరువే గానీ, ఇనుముకు మేలే చేసింది. తుప్పు కన్నా గ్రీజులో గట్టిపడిన ఎర్రమన్నే ఎక్కువగా రాలింది.

పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు విప్పే ముందు పట్టీలను రెండువైపులా క్లాంపులతో బిగించి తీరాలి, లేకుంటే ఒక్కసారిగా ఎగిరి చేతులు విరగ్గొడతాయి. రెండో పట్టీ నడుమ విరిగి ఉంది. 1986లో వచ్చిన ఈ మోడల్ ఇప్పటికీ తయారవుతున్నందున కొత్త పట్టీ బైపాసు దగ్గరి దుకాణంలోనే దొరికింది. గ్రీజు పూసి పేరుస్తుంటే మా అన్న కొడుకు వంగి చూసి, "చిన్నాయనా, నడుమ సందు కనపడతాంది, ఇది మన బండిది కాదేమో?" అన్నాడు. పొట్టి పట్టీలకు వంపు కాస్త ఎక్కువ ఉంచుతారనీ, బోల్టు బిగిసినప్పుడు అవి పెద్ద పట్టీని అదిమి పట్టేందుకే ఆ సందు ఉంటుందనీ చెప్పి, క్లాంపును వాడి చేతనే తిప్పించాను. సందు మూసుకుంటూ రావడం చూసి వాడికి నమ్మకం కుదిరింది.

సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. అది తప్పితే ఇరుసు జరిగి బండి పక్కకు నడుస్తుంది. కూర్చోబెట్టడానికే మధ్యాహ్నమంతా పట్టింది. నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాను. బరువేసి కొంతదూరం నడిపాక వాటిని మళ్లీ బిగించాలి.

అయితే బండి నడవాలంటే ముందు ఆగాలి కదా. వచ్చే వారం బ్రేకుల వీల్ సిలిండర్లకు రబ్బరు కిట్టు తేవాలి. బ్రేకు పడేదాకా ఇంజన్ జోలికి పోదలచుకోలేదు.