ఇంటికో సంతకం

పదకొండు దాటింది. పాలు తోడేసి పడుకుందామనుకున్నాను గానీ కళ్ళు మూతపడట్లేదు. సాయంత్రం ఈయన అన్న మాట ఇంకా మింగుడుపడలేదు. ఇక్కడ రాస్తే తప్ప నిద్ర వచ్చేలా లేదు.

ఎదురింటి పెద్దావిడ క్లిప్‌బోర్డు పట్టుకుని వచ్చింది. స్కూలు మలుపు దగ్గర స్టాప్ సైన్ పెట్టమని సిటీ కౌన్సిల్‌కి అర్జీ. తలుపు తీసింది ఈయన. కాగితం అంతా చదివి సంతకం పెట్టారు. నేను చెయ్యి తుడుచుకుని వచ్చేలోపే "ఇంటికో సంతకం చాలు కదా" అని నవ్వుతూ ఆవిణ్ణి సాగనంపేశారు. తలుపు వేశాక నాతో, "నీ ఇంటర్వ్యూ అయ్యేదాకా ఎందులోనూ పేరు పెట్టకు. సిటిజన్‌షిప్ వచ్చాక ఎన్ని సంతకాలైనా పెట్టుకో" అన్నారు.

అక్కడితో ఆగితే మర్చిపోయేదాన్నేమో. భోజనాలయ్యాక ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు అడగడానికి కూర్చున్నారు. (అవును, అమెరికా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ లెటర్ వచ్చింది. నిన్ననే. సంతోషంగానే ఉంది.) అమెరికాలో ఉండే ప్రతి ఒక్కరికీ ఉన్న హక్కుల్లో మూడు చెప్పమన్నారు. నేను ఫస్ట్ అమెండ్‌మెంట్‌లో, అంటే ఇక్కడి రాజ్యాంగం మొదటి సవరణలో ఉన్న అయిదూ చెప్పాను: మాట్లాడటం, మతం, పత్రికలు, గుమిగూడటం, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవడం. "మూడడిగితే అయిదెందుకు? పొట్టివి మూడు చెప్పు, చాలు" అన్నారు. ఆయన టైములో 100 ప్రశ్నలు, పది అడిగితే ఆరు చెబితే పాస్. ఇప్పుడు 128 అయ్యాయి, ఇరవై అడుగుతారు, పన్నెండు రావాలి. పన్నెండు కరెక్టవగానే ఆపేస్తారు కూడా. అందుకని ఆయన ప్రతి ప్రశ్న కింద ఉన్న జవాబుల్లో పొట్టివాటికే పసుపు హైలైటర్ పెట్టారు. ఎంసెట్ బిట్లు బట్టీపట్టిన చెయ్యి అది. పుస్తకం నిండా పసుపు గీతలే. అర్జీ హక్కు మీద మాత్రం గీత లేదు, అది మిగతావాటికన్నా పొడుగు మరి.

గంట ముందు ఏ పని వద్దన్నారో, దాన్నే నా చేత అప్పజెప్పించుకుంటున్నారు! ఆ మాట అంటే, "రెంటికీ ఏమిటి సంబంధం?" అన్నారు. ఏమిటి సంబంధం అంటే ఏం చెప్పను?

ఈ దేశం మొదలైందే తిరస్కరించిన అర్జీతో. 1775 జూలైలో, అప్పటికే తుపాకులు పేలాక కూడా, ఫిలడెల్ఫియాలో కూర్చున్న కాంగ్రెస్ (అప్పటి అమెరికా వలసల ప్రతినిధుల సభ) ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి వినయంగా ఒక విన్నపం రాసి పంపింది. ఆయన దాన్ని తీసుకోనే లేదు. పైగా ఆగస్టులో మీరంతా తిరుగుబాటుదారులని ప్రకటించాడు. ఏడాది తిరిగేసరికి స్వాతంత్ర్య ప్రకటనలో రాజు మీద ఫిర్యాదులన్నీ ఏకరువు పెట్టి, మేం ఎన్ని అర్జీలు పెట్టుకున్నా జవాబుగా దెబ్బలే తగిలాయని రాసుకున్నారు. వినని రాజు మాకు రాజు కాడు అని అక్కడ తేల్చేశారు. అందుకే 1791లో హక్కుల సవరణలు వచ్చినప్పుడు అర్జీ హక్కు మొదటి సవరణలోనే ఉంది. అదీ 'ప్రజల' హక్కుగా రాశారు. ఓటుండాలనీ, పౌరసత్వం ఉండాలనీ అక్కడ లేదు.

అర్జీ అనగానే నాకు మా నాన్న కనిపిస్తారు. బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకముందే అరుగు మీద ఎవరో ఒకరు ఉండేవారు. ఫుల్‌స్కేప్ కాగితం, మధ్యలో కార్బన్ పేపరు, చివర ఊదారంగు స్టాంప్ ప్యాడ్. ఎం.ఆర్.ఓ. గారికి, కలెక్టర్ గారికి, కరెంటాఫీసుకి. ఒకసారి ఒకాయన ఇంటి స్థలం కోసం వచ్చాడు. స్థలం భార్య పేరు మీద ఇస్తారు. ఆవిడ కలుపుకి వెళ్ళిందనీ, తను వేలిముద్ర వేసేస్తాననీ అన్నాడు. "అడిగేది ఆవిడ, వేలు నీదెందుకు? పొద్దుగూకాక రమ్మను" అన్నారు నాన్న. ఆయన గొణుక్కుంటూ పోయాడు. దీపాలు పెట్టే వేళకి ఆవిడ వచ్చింది, మోకాళ్ళ దాకా బురదతో. గోలెం దగ్గర చేతులు కడుక్కుని అరుగు చివర కూర్చుంది. నాన్న ముద్ర అడగలేదు, ముందు అర్జీ మొత్తం పైకి చదివారు. ఆవిడ మధ్యలో ఆపి, "మూడేళ్ళు కాదయ్యా, అయిదేళ్ళ నుంచి పరాయి పంచనే ఉంటున్నాం" అంది. మొగుడు రెండేళ్ళు మింగేశాడన్నమాట, లెక్క తెలియకో, పట్టించుకోకో. నాన్న ఆ కాగితం, కింద కార్బన్ కాపీ రెండూ చింపేసి మళ్ళీ మొదటి నుంచి రాశారు. ముద్ర వేశాక ఆవిడ వేలి సిరా తలకు రాసుకుని, మడత పెట్టిన కాగితాన్ని కొంగున ముడేసుకుంది. స్థలం రావడానికి చాలా కాలం పట్టింది. కానీ ఆ అర్జీలో మాట ఆవిడది, లెక్క ఆవిడది. అమ్మ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, కాగితాలు దండగ చేస్తున్నారని విసుక్కుంది కూడా.

అందుకే ఇంటికో సంతకం అంటే నాకు ఒళ్ళు మండింది. ఆ మలుపులో రోజూ చిన్నదాని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేది నేను. మొన్న వెండిరంగు కారు బ్రేకు వేసినప్పుడు దాని బ్యాగు జిప్పుకి వేలాడే కుందేలు బొమ్మ బంపర్‌కి తగిలింది. చూసింది నేను. ఈయన ఆఫీసులో ఉన్నారు.

ఇంత రాశాక ఇప్పుడు ఇంకోలా అనిపిస్తోంది. ఈయన భయం ఊరికే పుట్టింది కాదు. వీసా మీదున్న ఏళ్ళలో ఉద్యోగం పోతే అరవై రోజులే గడువు. ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు పంపమని ఇమ్మిగ్రేషన్ వాళ్ళిచ్చే నోటీసు) వస్తే ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. స్పీడింగ్ టికెట్ కట్టిన రసీదు ఇప్పటికీ ఫైల్లో ఉంది, సిటిజన్‌షిప్ ఫారంలో అలాంటివన్నీ అడుగుతారని. ఏ సంఘాల్లో సభ్యత్వం ఉందో కూడా ఆ ఫారంలో అడుగుతారు. 2025లో నియమాలు ఇంకా బిగించారు, అవసరమనుకుంటే ఇరుగుపొరుగును విచారించే పద్ధతి మళ్ళీ తెచ్చారు. ఎక్కడా పేరు పడకుండా, గొంతు లేవకుండా ఉన్నందుకే మేం ఇన్నాళ్ళు ఇక్కడ నిలిచామని ఆయన గట్టి నమ్మకం. పాపం, నన్ను కాపాడుకుంటున్నాననే అనుకుంటున్నారు. అలా చూస్తే కోపం సగం దిగింది.

సగమే. ఎందుకంటే పౌరసత్వం వచ్చేదాకా మనం లెక్కలో లేమన్నట్టు ఉంది ఆ మాట. లెక్కలో ఉన్నాం. 2020 జనాభా లెక్కల ఫారం నింపింది నేనే, గ్రీన్‌కార్డు కూడా రాకముందు. ఇక్కడి కాంగ్రెస్ దిగువ సభలో 435 సీట్లు ఏ రాష్ట్రానికి ఎన్ని అని పంచేది ఆ లెక్క మీదే, ఓటర్ల లెక్క మీద కాదు. మొదట్లో బానిసని మనిషిలో అయిదింట మూడు వంతులుగా లెక్కగట్టారు. అది పోవడానికి అంతర్యుద్ధం జరిగింది, 1868లో 14వ సవరణ వచ్చి రాష్ట్రంలో ఉన్న మొత్తం మనుషుల్ని లెక్కపెట్టాలంది. ఫెడరల్ ఎన్నికల్లో ఓటు, జ్యూరీ పౌరులకే. అడిగే హక్కు అందరిదీ.

ఆడవాళ్ళు ఇది ఎప్పుడో తేల్చేశారు. 1830లలో బానిసత్వం వద్దంటూ కాంగ్రెస్‌కి కట్టలు కట్టలుగా అర్జీలు వెళ్ళాయి. వాటి మీద ఆడవాళ్ళ సంతకాలు బోలెడు. వాళ్ళకి దేశమంతటా ఓటు వచ్చింది 1920లో! ఆ అర్జీల గోల పడలేక 1836లో దిగువ సభ, వాటిని చదవకుండా, చర్చించకుండా పక్కన పెట్టేయాలని నియమం చేసింది. దాని మీద పోరాడింది జాన్ క్విన్సీ ఆడమ్స్, అధ్యక్ష పదవి చేసి దిగిపోయాక మామూలు సభ్యుడిగా వచ్చి కూర్చున్న పెద్దాయన. 1837లో బానిసల పేరుతో వచ్చిన అర్జీ ఒకటి తన దగ్గరుందని, దాన్నేం చేయమంటారని అడిగితే సభ అట్టుడికిపోయింది. ఆయన్నే అభిశంసించాలన్నారు, కుదరలేదు. ఇంకో సభ్యుడు ఆడవాళ్ళు ఇంటిపని వదిలి ఈ సంతకాలేమిటని అంటే, 1838లో ఆడమ్స్ రోజుల తరబడి జవాబు చెప్పాడు. ఆ నియమం రద్దయ్యేసరికి 1844 డిసెంబర్ వచ్చింది. ఎనిమిదేళ్ళకి పైగా ఒక్క విషయం మీద పట్టు వదల్లేదు. ఆ ఓపిక తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఈ 128 ప్రశ్నల్లో ఆయన గురించి ఉంటే ఎంత బాగుండేది!

ఇందాక మంచినీళ్ళకి లేచి వచ్చారు, ఇంకా టైపు చేస్తున్నావా అంటూ. పొద్దున్న సంతకం పెడతానని చెప్పేశాను. కాసేపు నిలబడి, "నీ ఇష్టం. పేరు మాత్రం గ్రీన్‌కార్డులో ఉన్నట్టే రాయి, స్పెల్లింగ్ తేడా రాకూడదు" అని వెళ్ళిపోయారు.

కౌన్సిల్ మీటింగ్ మంగళవారం. ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడొచ్చట, ముందుగా పేరు ఇవ్వాలి. కారు సంగతి కళ్ళారా చూసినదాన్ని కాబట్టి నన్ను మాట్లాడమని పెద్దావిడ పోయిన వారమే అడిగింది. చిన్నదాన్ని బడిలో దింపి, వచ్చే దారిలో ఆవిడ తలుపు కొట్టాలి.