అరిగిపోయిన నాణేలనే ఎందుకు ఏరుకుంటాను

నాణేలు సేకరించేవారిలో చాలామంది వెతికేది టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టు తళతళలాడే నాణెం. నేను ఏరుకునేవి రాజుగారి చెవీ చెంపా ఏకమైపోయినవి, చుట్టూ ఉన్న అక్షరాలు సగం చెరిగిపోయినవి, అమ్మేవాళ్ళు విడివిడిగా ధర కూడా కట్టకుండా డబ్బాలో కుప్ప పోసేవి. శ్రీకాకుళంలో పాత ఇత్తడి, రాగి సామాను కొనే కొట్లలోనూ, అరసవల్లి రథసప్తమికీ విజయనగరం పైడితల్లమ్మ సిరిమానుకూ వెలిసే అంగళ్ళలోనూ నాకు దొరికినవి ఎక్కువగా ఇలాంటివే. "ఏటి బాబూ, మొహం కూడా కనబడదు, దీన్నేటి చేసుకుంటావు?" అని అమ్మే పెద్దాయనే ఒకసారి అడిగాడు. ఆయనకు అప్పుడు నాలుగు ముక్కల్లో చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక కాణీ సంగతి చెబుతాను. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలోని ప్రాంతాలన్నింటికీ ఒకే రకం నాణేలు తెచ్చినప్పుడు వచ్చిన రాగి పావు అణా అది. రూపాయికి అరవై నాలుగు. ఒక వైపు రెండు సింహాలు చెరో పక్క పట్టుకుని నిలబడిన కంపెనీ చిహ్నం, దాని కింద సంవత్సరం ఉంటాయి. రెండో వైపు ఆకుల దండ మధ్య ఇంగ్లీషులోనూ పార్శీలోనూ విలువ ఉంటుంది. నా దగ్గరున్న దానిలో సింహాలు రెండు మసక మచ్చలుగా మిగిలాయి, దండలో ఆకులు కలిసిపోయి గీతలా అయ్యాయి, 1835లో చివరి అంకెను ఏటవాలు వెలుతురులో పెడితే గాని పోల్చుకోలేము. కొత్తగా ఉన్నప్పుడు సుమారు 6.47 గ్రాములుండవలసిన ఆ కాణీ ఇప్పుడు ఆరు గ్రాములకు కొంచెం తక్కువ తూగుతోంది. ఆ పోయిన అర గ్రాము రాగి కొంగు ముళ్ళలో, రొంటి మడతల్లో, సంతకొట్ల గల్లాపెట్టెల్లో, చేపల బుట్టల పక్కన పరిచిన గోనె మీద, కూలి డబ్బు లెక్కపెట్టిన చేతుల్లో కొంచెం కొంచెంగా రాలిపోయింది. అదే ఏడాది అచ్చయి ఏ పెట్టెలోనో భద్రంగా ఉండిపోయిన నాణెంలో అచ్చు చెక్కినవాడి పనితనం చక్కగా కనబడుతుంది, దాన్ని నేను కాదనను. కాని ఆ నాణెంతో ఎవరూ ఉప్పు కొనలేదు. నాకు కావలసింది ఆ ఉప్పు కొన్న నాణెం.

అరుగుదలకు ఒక పద్ధతి ఉంది, దాన్ని చదవడం నేర్చుకుంటే ఈ సేకరణలో రుచి తెలుస్తుంది. నాణెం అంచు కాస్త లేచి ఉండి లోపలి పల్లాన్ని కాపాడుతుంది కనుక, మొదట అరిగేది అంచుకు సమానంగానో అంతకంటే ఎత్తుగానో ఉన్న భాగం. ఏడో ఎడ్వర్డు రూపాయి మీద చెవీ, దాని పైనున్న జుట్టూ ముందు పోతాయి; చెవి తమ్మె ఇంకా తెలుస్తోందంటే ఆ రూపాయి పెద్దగా తిరగలేదని అర్థం. విక్టోరియా రూపాయి మీద జడ పాయలు కలిసిపోయాక కిరీటం మీది నగిషీ మాయమవుతుంది, ఆ తర్వాతే మెడ చుట్టూ ఉన్న వస్త్రం అలంకారం చెదురుతుంది. కొన్నాళ్ళు చూడగా చూడగా, అక్షరం ఒక్కటీ సరిగా కనబడకపోయినా తల ఆకారం, అంచు మీది చుక్కల వరస, లోహం రంగు పట్టి ఇది ఏ కాలానిదో చెప్పగలుగుతాము. 1862 అని ఉన్న రూపాయిలైతే మరీ చిక్కు, ఎందుకంటే 1874 దాకా ఆ సంవత్సరమే మార్చకుండా అచ్చువేశారు. బొంబాయి టంకశాలవారు అచ్చువేసిన ఏడు తెలియడానికి సన్నని చుక్కలు పెట్టారు. అరిగిన రూపాయిలో ఆ చుక్కలు మిగిలాయో లేదో భూతద్దం కింద వెతకడంలో నాకు కలిగే ఆనందం, అన్నీ స్పష్టంగా ఉన్న నాణెం కొని ఆల్బంలో పెట్టుకోవడంలో లేదు.

వెండి రూపాయి అరుగుదలను ప్రభుత్వమూ లెక్కలోకి తీసుకుంది. రూపాయి అంటే తులం బరువు, 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. ఆ బరువు నూటికి రెండు వంతులకు మించి తగ్గిన రూపాయి చెల్లుబాటు కాదని 1906 నాటి నాణేల చట్టంలో ఉండేది. అంటే పావు గ్రాము కూడా పోకముందే దాని చెల్లుబాటు పోయేది. నా దగ్గరున్న విక్టోరియా రూపాయిల్లో కొన్ని ఆ గీత కిందికి ఎప్పుడో దిగిపోయాయి. వాటిని త్రాసులో పెట్టి చూసినప్పుడల్లా, అంత పని చేసిన నాణేలను తక్కువ రకమని పక్కన పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మన జిల్లాలవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన నాణెం మరొకటి ఉంది. ఉత్తర సర్కారుల కోసం కంపెనీ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాలతో అచ్చువేయించిన రాగి నాణెం అది. రూపాయికి నలభై ఎనిమిది అని దాని మీదే రాసి ఉంటుంది. రూపాయికి తొంభై ఆరు చొప్పున చెల్లే చిన్నది కూడా వచ్చింది. ఇవి 1794, 1797 సంవత్సరాలవి. శ్రీకాకుళం, అప్పటి చికాకోల్, ఆ సర్కారుల్లో ఒకటి. పైగా 1794 జూలై 10నే పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనలతో పోరాడి నేలకొరిగాడు. ఒక పక్క ఆ యుద్ధం, ఇంకో పక్క అదే సంవత్సరం వేసుకుని సముద్రాలు దాటి మన సంతలకు వచ్చిన కంపెనీ రాగి. నాకు దొరికిన ముక్క మీద కంపెనీ సరుకుల గుర్తయిన హృదయాకారపు గీత, దాని పైనున్న నాలుగంకె తప్ప ఇంకేమీ సరిగా కనబడవు. మంచి స్థితిలో ఉన్నది కొనే స్తోమత నాకు లేదు, ఉన్నా దీన్ని వదులుకోను. బర్మింగ్‌హామ్‌లో అచ్చయిన రాగి ఇక్కడి జనం చేతుల్లో తిరిగిందనడానికి ఆ అరుగుదలే ఆధారం.

అయితే అరిగినదల్లా మంచిదని నేను అనడం లేదు. చేతులు మారి అరగడం వేరు, ఆకురాయి పెట్టి గీకడం వేరు, తాపడం కోసం వంచడం వేరు. ఏజెన్సీ వైపు ఆడవాళ్ళు రూపాయి బిళ్ళలకు కొక్కేలు అతికించుకుని దండలుగా వేసుకునేవారు. ఆ కొక్కెం ఊడిన చోట మాటు మచ్చ ఉన్న రూపాయిలను సేకర్తలు తిప్పి కొడతారు. నేను మాత్రం సంతోషంగా తీసుకుంటాను, ఎందుకంటే అదీ వాడుకే. యుద్ధకాలంలో రాగి ఆదా చేయడానికి 1943 నుంచి నడుమ చిల్లుతో అచ్చువేసిన కాణీలు పిల్లల మొలతాళ్ళకు కట్టినవైతే, చిల్లు లోపలి అంచు ఒక పక్క కోసుకుపోయి ఉంటుంది, అలాంటిదాన్ని వేలితో తడిమి కూడా గుర్తుపట్టవచ్చు.

అమెరికాలో నాణేల స్థితికి ఒకటి నుంచి డెబ్భై దాకా మార్కులు వేస్తారు. అక్కడ పనిగట్టుకుని ఒకటో మార్కు నాణేలనే వెతికి, ఎవరి సేకరణ ఎక్కువ అరిగిందో పోటీపడేవారు కూడా ఉన్నారు. పోటీ సంగతి నాకు పట్టదు గాని, ఇంత దూరాన ఇదే అభిరుచి ఉన్నవాళ్ళున్నారని తెలిసి సంబరపడ్డాను.

నాకు నిజంగా బాధ కలిగించేది చింతపండు. కొత్తగా కనబడితే ఎక్కువ ధర వస్తుందని రాగి నాణేలను చింతపండుతో, తోముడు పొడితో రుద్ది ఎర్రగా మెరిపించి అమ్ముతారు. దశాబ్దాల పాటు పట్టిన ముదురు గోధుమరంగు పొర అర నిమిషంలో పోతుంది, మళ్ళీ రాదు. మిగిలిన కొద్దిపాటి గీతలు కూడా దానితోపాటే పలచబడతాయి. మనది సముద్రపు ఉప్పుగాలి తగిలే నేల కనుక, రుద్దిన రాగి మీద పచ్చటి పొడి పట్టడం కూడా త్వరగానే మొదలవుతుంది. నాణేన్ని పొడి గుడ్డతో దుమ్ము దులిపి, కాగితపు పొట్లంలో విడిగా ఉంచితే చాలు. మెత్తటి ప్లాస్టిక్ సంచులు వద్దు, వాటి నుంచి కూడా పచ్చ జిగురు దిగుతుంది.

రూపాయికి తొంభై ఆరు చొప్పున చెల్లిన ఆ చిన్న రాగి నాణెం నాకింకా దొరకలేదు. మీ ఇంట్లో బామ్మగారి పోపుల డబ్బా అడుగునో, పాత ఇత్తడి బిందెలోనో నల్లబడిన రాగి బిళ్ళ ఉండి, దాని మీద హృదయాకారం ఛాయగానైనా కనబడితే, తోమకుండా అలాగే ఉంచి నాకు ఒక్క మాట చెప్పండి.