పొద్దుతిరుగుడు గింజలు, పలకల దుమ్ము

పన్నెండు దాటింది, నిద్ర రావట్లేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర బావ అన్న మాటే చెవిలో తిరుగుతోంది.

పాప ఫోన్లో చైనా కళాకారుడు అయ్ వేవే వీడియో పెట్టింది. 2010లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో నేలంతా పరిచిన 10 కోట్ల పొద్దుతిరుగుడు గింజలు, అన్నీ పింగాణీవే. చైనాలో జింగ్‌దెజెన్ ఊళ్ళో 1600 మంది కూర్చుని గింజ గింజకీ చేత్తో గీతలు గీశారు. "కూలిచ్చి చేయించుకుని పేరు తను కొట్టేశాడు, ఇదేం ఆర్టు?" అన్నాడు బావ. ఒళ్ళు మండింది. మావో సూర్యుడు, జనం ఆయన వైపు తిరిగే పువ్వులు అని పోస్టర్లు వేసిన దేశం అది. ఆ జనాన్ని ఒక్కో గింజగా చూపించాడు బావా అంటే వింటేగా! పెరుగన్నం కలుపుకుంటూ ఇంకేదో ఎత్తుకున్నాడు. ఎప్పుడూ ఇంతే, మాట అనేస్తాడు, జవాబు మాత్రం వినడు.

గిన్నెలు కడుగుతుంటే వీడియోలో ఇంకో ముక్క గుర్తొచ్చింది. మొదట జనాన్ని ఆ గింజల మీద నడవనిచ్చారట. పింగాణీ దుమ్ము లేస్తోంది, ఊపిరితిత్తులకు మంచిది కాదని కొద్ది రోజులకే ఆపేశారు.

మార్కాపురం పలకల కంపెనీలో మాకెవరూ ఏదీ ఆపలేదు. బడి వదలగానే అక్కడికే వెళ్ళేదాన్ని. నాన్న రాయి కోసే మిషను దగ్గర, అమ్మ ఫ్రేములు బిగించే వరసలో. సాయంత్రానికి అమ్మ కనుబొమలు బూడిద రంగుకి తిరిగేవి. కొంగుతో తుడుచుకుంటే చెమటకి అది బురదై చెంప మీద చారికలు కట్టేది. మాస్కు అన్న మాటే ఎరగం. నాన్న దగ్గు సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అదంతా తలుచుకుంటే బావ మాటే నిజమేమో అనిపించింది. చూడ్డానికొచ్చినవాళ్ళ ఊపిరికి ఉన్న విలువ, చేసినవాళ్ళ ఊపిరికి ఎవరిచ్చారు? ఆ 1600 మంది పేర్లేవి?

కానీ 2008 సిచువాన్ భూకంపంలో బడులు కూలి పిల్లలు పోతే, వాలంటీర్లను ఇల్లిల్లూ తిప్పి 5 వేలకు పైగా పేర్లు రాయించింది ఈ అయ్ వేవేనే. పేరు విలువ తెలియని మనిషి అని ఎలా అనను?

అమ్మ వరసలో కిటికీ పక్కన కూర్చునే పెద్దమ్మ నాకు రోజూ విరిగిన పలక ముక్క ఇచ్చేది. దాని మీదే అక్షరాలు దిద్దాను. ఆమె పేరు ఎంత ఆలోచించినా రావట్లేదు. తెల్లారగానే అమ్మకి ఫోన్ చెయ్యాలి.