ఊడ్నడట్టా ట్రాక్ మీద కారవాన్: కుడి వెనక అర, 41 గ్రాముల దుమ్ము

దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని ఊడ్నడట్టా మట్టిదారిలో కారు వెనక కారవాన్‌ను (చక్రాల మీది ఇల్లు) మారీ నుంచి విలియం క్రీక్ దాకా సుమారు 205 కిలోమీటర్లు లాగి, కుడి వెనక అర తెరిస్తే 41 గ్రాముల ఎర్ర దుమ్ము. పెయింటు బ్రష్షుతో ఊడ్చి వంటింటి తూకంలో వేసిన లెక్క ఇది. చూడ్డానికి అలాంటిదే ఎడమ అర, అందులో 6 గ్రాములే. బయల్దేరే ముందే తలుపు రబ్బర్లన్నీ మార్చాం, డిక్కీ మూతకు కొత్త బీడింగు వేశాం. అయినా కుంకుమంత మెత్తటి దుమ్ము బియ్యం డబ్బా మూత మరల్లోకి కూడా ఎక్కింది. ఒళ్లు మండిపోయింది.

మిగతావన్నీ బాగున్నాయి. టైర్లలో గాలి కారుకు 28, కారవాన్‌కు 32 పీఎస్ఐ, వేగం 60, ఒక్క పంక్చరూ లేదు. 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ ఏ రాత్రీ 60 శాతం కిందికి దిగలేదు. టైర్ల గాలి దించడానికి ఏఆర్‌బీ గేజే మేలు. వాల్వు పిన్నును బయటికి లాగేస్తుంది కాబట్టి చక్రం దగ్గర ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు.

కిటికీలన్నీ బిగిస్తే దుమ్ము రాదని చాలామంది అనుకుంటారు. నిజానికి నడుస్తున్న కారవాన్ బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఎంత పీలుస్తుందో చూద్దామని 4 మి.మీ. గొట్టాలు రెండు తీసుకుని, ఒకదాని కొన కారవాన్ లోపల, రెండోదాని కొన నేల కింద గ్యాస్ వెంటు (లీకైన గ్యాస్ బయటికి పోయే రంధ్రం) పక్కన కట్టాం. రెండింటినీ డ్రాబార్ (కారవాన్‌ను కారుకు కలిపే కడ్డీ) మీదుగా కారు వెనక సీటుకు తెచ్చి, పీడనం తేడా చూపే డిజిటల్ మానోమీటరుకు తగిలించాం. మైనస్ వస్తే లోపల పీడనం తక్కువ, ప్లస్ వస్తే ఎక్కువ. కదిలే కారవాన్‌లో మనిషి కూర్చోవడం చట్టవిరుద్ధం, అందుకే ఇంత పొడవు గొట్టాలు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు రీడింగులు రాశాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మైనస్ 6 పాస్కల్స్, 60లో మైనస్ 14, గట్టి నేల దొరికిన చోట 80లో మైనస్ 25. వేగం వర్గాన్ని బట్టి పెరగాలి, అలాగే పెరిగింది.

విలియం క్రీక్‌లో పైకప్పు హ్యాచ్‌ను (గాలి కోసం తెరిచే మూతను) ముందువైపు 60 మి.మీ. తెరిచి, లోపల నూనె పట్టించిన ఫోమ్ ఫిల్టరు పెట్టాం. అంతే, 60 వేగంలో ప్లస్ 9! 90 కిలోమీటర్లు పోయేసరికి ఫోమ్ మూసుకుపోయి ప్లస్ 2కి పడింది. రెండు ఫోమ్‌లు ఉంచుకుని మార్చి మార్చి దులుపుకోవడమే దారి. ఇక్కడ కడగడానికి నీళ్లు ఖర్చుపెట్టలేం. నేల దగ్గరి గ్యాస్ వెంట్లను మాత్రం శాశ్వతంగా మూయకండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే అది పోవలసింది అటే. నడిచేటప్పుడు సిలిండర్ కట్టేసి ఫోమ్ ముక్క దోపుతాం. దానికి కట్టిన ఎర్ర రిబ్బను స్టవ్ బర్నర్ మీదికి వస్తుంది. రిబ్బను, దాంతోపాటు ఫోమ్ తీయనిదే స్టవ్ వెలిగించలేం.

ఊడ్నడట్టాకు ఇవతల ఆల్జిబకినా దగ్గర ఆగి మళ్లీ తూచాం (578 మీటర్ల పాత ఘాన్ రైలు వంతెన ఉన్నది ఇక్కడే, 1892లో పూర్తయింది). ఎడమ అరలో 1 గ్రాము. కుడి అరలో 19! లోపల పీడనం ఎక్కువ ఉన్నా దుమ్ము ఎలా వస్తోంది?

అరలో చెయ్యి పెట్టి తడిమితే ఒక సంగతి తెలిసింది. ఈ అర తలుపుకు రబ్బరు అంచు ఉంది, గట్టిగా పడుతుంది. అంటే గదిలోని ప్లస్ పీడనం అరలోకి చేరడమే లేదు. అర వెనక గోడ చక్రం గూడుకు ఆనుకుని ఉంది. అక్కడ టైరు దుమ్మును నేరుగా గూటి అతుకు మీదికి చిమ్ముతోంది. ఎడమ అర తలుపుకు రబ్బరు లేదు, అందుకే అది బతికిపోయింది.

మరి సందు ఎక్కడ? కిటికీకి అట్ట బిగించి మకిటా 18 వోల్టుల బ్లోయరుతో లోపలికి గాలి కొట్టి, అర తలుపు తెరిచి, గూటి చుట్టూ బయట సబ్బు నురుగు పూశాం. ఒక్క బుడగ లేదు. నిలబడి ఉన్నప్పుడు మూసుకుని, గతుకుల మీద ఛాసిస్ మెలిపడ్డప్పుడు తెరుచుకుంటోందేమో అనిపించింది. కుడి వెనక ఛాసిస్ రైలు కింద బాటిల్ జాక్ పెట్టి 40 మి.మీ. ఎత్తాం (కారవాన్ మూలల్లో ఉండే ఆనుడు కాళ్లతో ఈ పని చేయకండి, వంగిపోతాయి). వెంటనే గూటి వెనక అంచున 110 మి.మీ. పొడవునా బుడగలు! సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లోని 0.4 మి.మీ. రేకు సులువుగా దూరింది. పాత సీలెంటు ఎండి, గట్టిపడ్డ బెల్లం పాకంలా పెళుసుగా విరిగింది.

పాతది గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, జాక్ దించకుండానే సికాఫ్లెక్స్-221 (పాలీయురెథేన్ సీలెంటు) పట్టించాం. అతుకు తెరుచుకుని ఉండగా పూస్తే తర్వాత సీలెంటు నొక్కుకుంటుంది. మూసి ఉండగా పూస్తే సాగి చిరుగుతుంది. ఇది గాలిలో తేమతో గట్టిపడే రకం, ఎడారిలో ఆ తేమే కరువు. ఒకటిన్నర రోజు ఆగి, పైపొర కట్టాక నీళ్లు సన్నగా చల్లుతూ వచ్చాం. గదిలోని పీడనం లోపలికి చేరేలా అర తలుపుకు 20 మి.మీ. చిల్లులు నాలుగు వేశాం.

ట్రాక్ చివరి ఊరు మార్లా చేరాక తూచితే 7 గ్రాములు. 41తో పోలిస్తే నయం, కానీ సున్నా కాదు. బొటనవేలితో నొక్కితే వెనక కొసన 30 మి.మీ. మేర సీలెంటు గూటి ప్లాస్టిక్‌ను వదిలేసి లేచింది. లోహం వైపు మాత్రం ఉడుంలా పట్టుకుంది. ఆ ప్లాస్టిక్ పాలిథిలీన్ అయి ఉండాలని మా అనుమానం. దాని మీద పాలీయురెథేన్ సరిగా పట్టదు. తుడిచిన గుడ్డలోనే దుమ్ము ఉండి ఉండవచ్చు కూడా.

ఈసారి సీలెంటు గీతను నమ్ముకోం. 50 మి.మీ. బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు), దాని మీద ఈపీడీఎం రబ్బరు పట్టీ, పట్టీని పట్టి ఉంచడానికి అల్యూమినియం బద్ద, 40 మి.మీ.కి ఒక రివెట్. హ్యాచ్ స్థానంలో పడవల్లో వాడే 100 మి.మీ. బ్లోయర్ ఫ్యాను పెట్టాలని ఉంది. వేగం 20కి పడినా పీడనం నిలవాలంటే ఫ్యానే కావాలి, సోలార్ ఉంది కాబట్టి కరెంటుకు లోటు లేదు. ఇసుకలో, రాళ్లలో మెల్లగా పోయేటప్పుడే హ్యాచ్ చేతులెత్తేస్తోంది.

పరీక్ష బర్డ్స్‌విల్ ట్రాక్ మీద, మారీ నుంచి 517 కిలోమీటర్లు, చలికాలంలో. తూకం, బ్రష్షు, మానోమీటరు అదే పెట్టెలో ఉన్నాయి. ఈలోగా పాలిథిలీన్ మీద నిజంగా పట్టే ప్రైమర్ (సీలెంటు అంటుకోవడానికి ముందుగా పూసేది) ఎవరైనా వాడి ఉంటే పేరు చెప్పండి. రివెట్లు కొట్టే ముందు ఒక ముక్క మీద పట్టించి చూస్తాం.