కీమో వాంతులకి అక్కకి పెట్టించిన కరెంటు సూదులు

మాది కావలి. అక్కకి ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశాక చెన్నైలో కీమో మొదలుపెట్టారు. మొదటి నాలుగూ అడ్రియామైసిన్, అదే అందరూ ఎర్ర మందు అంటారే, అది కలిసిన సైకిల్స్, అంటే విడతలు.

మొదటిది ఎక్కించిన రోజే పినాకిని రైల్లో తిరిగొచ్చేశాం. దారి పొడుగునా అక్క నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది, వాంతి మాత్రం కాలేదు, దాంతో మాకు ధైర్యం వచ్చింది. అసలు కష్టం మూడో రోజు మొదలైంది. పక్కింట్లో తాలింపు వేసినా లేచి బాత్‌రూమ్‌కి పరిగెత్తేది. ఆదివారం చేపల పులుసు లేకుండా గడవని ఇల్లు మాది, పది రోజులు చేప తేలేదు. "ఏందమ్మా ఇది, నీళ్ళు తాగినా నిలవడంలా" అని ఏడ్చేది. దానికి తోడు నాలుగు రోజులు విరేచనం లేదు. వాంతులకి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్ర వల్ల కూడా మలబద్ధకం వస్తుందని మాకు అప్పటికి తెలియదు. అక్క సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, నేనూ అడగలేదు. మీ ఇంట్లో ఎవరికైనా కీమో జరుగుతుంటే ఈ సంగతి మీరే అడగండి.

కీమో మందు పడగానే పేగు గోడలోని కణాలు సెరోటోనిన్ వదులుతాయి, అది వేగస్ నరాన్ని రేపితే మెదడుకి కబురు వెళ్ళి వాంతి వస్తుంది. ఆన్‌డాన్‌సెట్రాన్ ఆపేది ఈ దారినే, అందుకే మొదటి రోజు అంత బాగా పనిచేస్తుంది. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా పీడించే వికారానికి వేరే దారులు కూడా ఉన్నాయి, అక్కడ ఈ మాత్ర ఒక్కటే చాలదు.

రెండో సైకిల్‌కి ఇదంతా డాక్టరమ్మకి చెప్పాం. వికారం తగ్గడానికి రాత్రిపూట వేసుకోమని ఓలాంజపిన్ మాత్ర కలిపారు, విరేచనానికి సిరప్ రాశారు. ఆక్యుపంక్చర్, అదే సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యం, దాని సంగతి నేనే కదిపాను. ఆవిడ రక్తం రిపోర్టు చూసి, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు బాగున్న రోజుల్లోనే చేయించండి, ఎడమ చేతికి మాత్రం సూది తగలనివ్వొద్దు అన్నారు. ఆపరేషన్‌లో చంకలో లింఫు గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది కదా.

కీమో తర్వాత నాలుగు రోజులు చెన్నైలోనే గది తీసుకుని ఉన్నాం. కుడి మణికట్టు గీతకి మూడు వేళ్ళ పైన, లోపలి వైపు రెండు స్నాయువుల (టెండన్ల) మధ్య ఒక సూది, మోకాలి చిప్పకి నాలుగు వేళ్ళ కింద బయటి వైపు రెండు కాళ్ళకీ ఒక్కోటి. వాటికి సన్నటి వైర్లు తగిలించి చిన్న డబ్బాలోంచి కరెంటు ఇస్తారు. షాక్ కొట్టదు, లోపల ఎవరో వేలితో తడుతున్నట్టు ఉందంది అక్క. ఇరవై నిమిషాలు. ఆ సైకిల్‌లో వాంతులు రెండే అయ్యాయి, పెరుగన్నం తినగలిగింది. మాత్రలు కూడా మారాయి కాబట్టి అంతా సూదుల వల్లే అని నేను చెప్పను.

2000లో అమెరికాలో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరీక్ష ఒకటి చదివాను. పెద్ద మోతాదు కీమో తీసుకుంటున్న 104 మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళని మూడు గుంపులు చేశారు. అందరికీ వాంతి మందులు ఇచ్చారు. ఐదు రోజుల్లో మందులే తీసుకున్న వాళ్ళకి మధ్యస్థంగా 15 వాంతులు, ఉత్తుత్తి కరెంటు పెట్టిన వాళ్ళకి 10, నిజం కరెంటు సూదులు పెట్టిన వాళ్ళకి 5. సూదులు ఆపేశాక ఆ తేడా నిలవలేదు. పైగా అప్పుడు వాడినవి పాత రకం మందులు, ఆన్‌డాన్‌సెట్రాన్ లేదు. అయినా ఆ 15కీ 5కీ తేడా చూశాక నాకు మనసు కుదుటపడింది.

మా ఊళ్ళో ఒకాయన మాత్రం కీమో మానేయండి, సూదులతోనే గడ్డ కరిగిస్తా అన్నాడు. ఆ మాట విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే వాంతులతో విసిగిపోయిన అక్క అప్పుడు ఎవరేమన్నా వినే స్థితిలో ఉంది. సూదులు వికారం తగ్గిస్తాయేమో గానీ క్యాన్సర్‌ని తగ్గించవు. ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి ఈ కరెంటు పెట్టించాలనుకుంటే ముందు గుండె డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ రోజు ఎన్ని వాంతులు, ఏం తింది, విరేచనం అయిందా, రక్తకణాల కౌంట్ ఎంత, సూదులు ఎప్పుడు పెట్టారు అన్నీ రాస్తున్నాను. మూడో సైకిల్‌కి డాక్టరమ్మ అన్నిటికంటే ముందు ఆ పుస్తకమే అడిగి తీసుకున్నారు.